పొగ, వెచ్చదనం: తూర్పు కనుమల గిరిజన గృహాల్లో నేలపొయ్యి చరిత్ర

ప్రవేశిక:

తూర్పు కనుమల్లో చలి స్థలనామాలలో సైతం నిక్షిప్తమై ఉంది. చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. ఆరుబయట పడుకున్న మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని స్థానికులు ఆ పేరుకు అర్థం చెబుతారు. శీతకాలంలో అక్కడి ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన అరకులోయలోనూ చలి తీవ్రమే. ఈ ప్రాంతపు గృహచరిత్రలో నేల వెచ్చదనానికి గల స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేలపొయ్యి:

మన్యంలోని సంప్రదాయ గృహానికి మట్టిగోడలు, గడ్డికప్పు లేదా పెంకుకప్పు, పేడతో అలికిన నేల ప్రధానాంగాలు. పొయ్యి ఇంటిలోపల నేలమీదనే ఉంటుంది. వంట ముగిసినా నిప్పును ఆర్పరు. దాని చెంతనే పడకలు. పొయ్యిపైన అటకలో దాచిన విత్తనాలను పొగ పురుగు పట్టకుండా కాపాడుతుంది. ఈ విధంగా ఒకే నిప్పు అన్నానికి, నిద్రకు, మరుసటి పంటకు ఆధారమైంది. అయితే ఆ పొగ స్త్రీల, పసిపిల్లల ఊపిరితిత్తులకు హానికరమన్నది కాదనలేని సత్యం.

కొరియా పోలిక:

ఇదే సమస్యను కొరియా ప్రజలు ‘ఒండోల్’ పద్ధతితో పరిష్కరించుకొన్నారు. వంటపొయ్యి నుండి వెలువడే వేడి పొగను రాతిపలకల నేల కింది మార్గాల గుండా నడిపి, వెలుపలి గొట్టం ద్వారా విడిచిపెట్టారు. పొగ బయటికి పోయింది. వేడి నేలలో నిలిచింది. నేటి భవనాల్లో పొగకు బదులు నేలలో అమర్చిన గొట్టాల గుండా వేడినీరు ప్రవహిస్తుంది. 2018లో దక్షిణ కొరియా ఒండోల్ సంస్కృతిని జాతీయ అమూర్త వారసత్వంగా గుర్తించింది.

పథకాల గృహం:

భారతదేశంలో 2016 మే 1న ఉజ్జ్వల పథకం, అదే ఏడాది నవంబరు 20న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ప్రారంభమయ్యాయి. ఇంటి కనీస వైశాల్యం 20 నుండి 25 చదరపు మీటర్లకు పెరిగింది. అందులో పరిశుభ్రమైన వంటకు ప్రత్యేక స్థలం చేరింది. పొగను తొలగించడం నిస్సందేహంగా మేలు. కాని పొయ్యి పడకగదిని వీడినప్పుడు వెచ్చదనమూ దానితోపాటే వెళ్లిపోయింది. పేడతో అలికిన మట్టినేల కంటే సిమెంటు నేల పాదాల నుండి వేడిని త్వరగా లాగుకొంటుంది. ఇంటిలోని నిప్పు వాకిలిలోని నెగడుగా మారింది. నెగడు సాయంత్రాన్ని వెచ్చబరచగలదు గాని తెల్లవారుజామున ఇంట్లో పడుకున్నవారిని కాదు.

ముగింపు:

పొగను, వేడిని వేరుచేయవచ్చునని కొరియా అనుభవం నిరూపించింది. మన్యపు పక్కాఇల్లు రెంటినీ కలిపి వెలివేసింది. నేలను వెచ్చబరచే ఏర్పాటు గచ్చు వేయకముందే జరిగితే సులువు; తరువాత అమర్చాలంటే వేసిన గచ్చును తవ్వవలసి రావచ్చు, లేదా దానిపైనే మరో పొరగా వేయవలసి ఉంటుంది. అందువల్ల మైదానపు నమూనాను కొండలకు ఎక్కించే ముందు, పునాది దశలోనే అక్కడి చలిని లెక్కలోకి తీసుకోవాలి. నేలపొయ్యిని వెనుకబాటుతనపు చిహ్నంగా గాక, ఒక వాతావరణానికి మనుషులు ఇచ్చిన సమాధానంగా చదివినప్పుడే అది సాధ్యం.