మిల్లు మూతపడ్డా పొయ్యి ఆరలేదు



నెల మొదటి తారీఖు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది జీతం. పాలవాడి లెక్క, కిరాణా కొట్టు పద్దు, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అన్నీ ఆ తారీఖు చుట్టూనే తిరుగుతాయి. ఆ జీతం ఒక నెల రాకపోతే? అసలిక రాదని తెలిస్తే? వినడానికే గుండె గుభేలుమంటుంది. పూర్వం మిల్లు గేటుకి నోటీసు అంటించేవారు. ఇవాళ ఆఫీసు నుంచి నాలుగు వాక్యాల ఉత్తరం సెల్‌ఫోన్‌లోకే వచ్చేస్తోంది. పద్ధతి మారింది గాని, ఆ సాయంత్రం ఇంట్లో కమ్ముకునే దిగులు మాత్రం మారలేదు.

ఈ కష్టం ఒక ఇంటికి కాకుండా ఒక పట్నానికే వచ్చినప్పుడు, అక్కడి ఆడవాళ్లు ఏం చేశారో ఇవాళ చెప్పుకుందాం. ఆ పట్నం గుజరాత్‌లోని అహమ్మదాబాదు.

సబర్మతీ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో మొదటి బట్టల మిల్లుని 1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ అనే ఆయన ప్రారంభించాడు. తర్వాత ఒకదాని పక్కన ఒకటి మిల్లులు లేచాయి. ఇంగ్లండులో మాంచెస్టర్ ఎలాగో మన దేశంలో అహమ్మదాబాదు అలాగ అని చెప్పుకునేవారు. 1918లో అక్కడి కార్మికుల సమ్మెలో గాంధీగారు ఉపవాసం చేశారు. మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచే అయిన అనసూయా సారాభాయి కార్మికుల పక్షాన నిలబడ్డారు. 1920లో 'మజూర్ మహాజన్' అనే పెద్ద కార్మిక సంఘం ఏర్పడింది. మిల్లులో పని అంటే గౌరవం, భరోసా. తండ్రి తర్వాత కొడుకు అదే మిల్లులో చేరడం మామూలు. మన వరంగల్లులో 1934లో వచ్చిన ఆజంజాహి మిల్లు చుట్టూ అల్లుకున్న బతుకులు ఎరిగిన వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ మిల్లు కూడా చివరికి మూతపడిందే గదా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అహమ్మదాబాదు మిల్లుల్లో మొదట్లో ఆడవాళ్లు కూడా చాలామంది పనిచేసేవారు. ముఖ్యంగా నూలు చుట్టే విభాగాల్లో. కొత్త యంత్రాలు వచ్చాయి, పనివాళ్లని తగ్గించాలన్నారు. తగ్గించేటప్పుడు ముందు ఇంటికి పంపింది ఎవర్ని? ఆడవాళ్లనే. సంసారం పోషించేది మగవాడు గదా, ఆడదాని సంపాదన పై ఖర్చులకే గదా అన్న మాట అప్పట్లో అందరి నోటా ఉండేది. అలా కొన్ని దశాబ్దాల్లో మిల్లుల్లో ఆడకూలీల సంఖ్య బాగా పడిపోయింది. మిల్లు నుంచి బయటికొచ్చిన ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కూర్చుంటే గడవదు. కూరలమ్మారు, బీడీలు చుట్టారు, బట్టలు కుట్టారు. కాకపోతే ఆ పనిని ఉద్యోగం అని ఎవరూ అనలేదు, వాళ్లూ అనుకోలేదు.

1968లో అహమ్మదాబాదులో రెండు పెద్ద మిల్లులు మూతపడ్డాయి. వేలమందికి పని పోయింది. అప్పుడు మజూర్ మహాజన్ మహిళా విభాగం బాధ్యత ఇళా భట్ అనే న్యాయవాదిది. 1954లో ఏర్పడిన ఆ విభాగం మిల్లు కార్మికుల భార్యలకీ, కూతుళ్లకీ కుట్టుపని, అల్లికలు, టైపు వంటివి నేర్పేది. పని పోయిన ఇళ్లలో పరిస్థితి ఎలా ఉందో చూసి రమ్మని సంఘం ఆమెను పంపింది. ఆమె ఇంటింటికీ తిరిగారు. మగవాళ్లు మిల్లులు తెరిపించమని సభలకీ, ఊరేగింపులకీ వెళ్తున్నారు. అది కావలసిన పనే. మరి ఈలోగా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది? ఇల్లాలు పళ్ల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతోంది. లేదా దళారి ఇచ్చిన గుడ్డని ఇంటి దగ్గర కుట్టి ఇస్తోంది. లేదా టోకు బజారులో మూటలు మోస్తోంది. చిత్తు కాగితాలు ఏరి అమ్ముతోంది. మిల్లు ఆగినా ఇల్లు ఆగలేదంటే ఈ ఆడవాళ్ల చేతుల వల్లే. అయినా ఏ ప్రభుత్వ లెక్కలోనూ, ఏ సంఘం పుస్తకంలోనూ వాళ్లు పనివాళ్లుగా లేరు!

ఇళా భట్‌ని ఈ సంగతి వదల్లేదు. ఆ తర్వాత 1971లో బట్టల బజారులో మూటలు మోసే స్త్రీలు, బండ్లు లాగే స్త్రీలు తమ కష్టాలు చెప్పుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చారు. వాళ్లందరికీ కలిపి ఒక సంఘం పెడదామంటే లేబర్ డిపార్ట్‌మెంటు వారు మొదట ఒప్పుకోలేదు. మీకు యజమాని ఎవరు, ఎవరి మీద పోరాడతారు అని వారి ప్రశ్న. సంఘమంటే యజమాని మీద పోట్లాటకే కానక్కర్లేదు, పనిచేసేవాళ్లు ఒకటిగా ఉండడానికి కూడా అని వీళ్ల జవాబు. చివరికి 1972 ఏప్రిల్‌లో 'సేవ' రిజిస్టరయింది. స్వయంగా పని కల్పించుకున్న స్త్రీల సంఘం అని దాని పేరుకి అర్థం. ఇవాళ అందులో సభ్యుల సంఖ్య ఇరవై లక్షలు దాటింది. ఇళా భట్ 1977లో మెగసెసే బహుమతి అందుకున్నారు, 2022లో కన్నుమూశారు.

సంఘం పెట్టాక తెలిసొచ్చిన మొదటి సంగతి అప్పు. కూరలమ్మే ఆవిడకి పొద్దున సరుకు కొనడానికి డబ్బు కావాలి. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి సాయంత్రానికి వడ్డీతో కట్టేది. రోజంతా కష్టపడ్డది వడ్డీకే పోయేది. కుట్టుపని ఆవిడ మిషను అద్దెకి తెచ్చుకునేది. కాళ్ల కడియాలు తాకట్టులో ఉండేవి. 1969లో బ్యాంకులు జాతీయం అయ్యాయి గదా, అక్కడికి వెళ్లమన్నారు. వెళ్తే ఏమయింది? మాసిన చీర, చంకలో పిల్ల, కింద వేలిముద్ర. గుమాస్తాలకి వీళ్లతో మాట్లాడడం విసుగు. వీళ్లు బేరం ముగించుకుని వచ్చేసరికి బ్యాంకు తలుపు మూసి ఉండేది. డబ్బు ఇంట్లో దాచుకుందామంటే భర్తో కొడుకో తీసుకునేవాడు.

అప్పుడు వాళ్లే సొంత బ్యాంకు పెట్టుకుందామన్నారు. నవ్వినవాళ్లు నవ్వారు. చదువు రాని ఆడవాళ్లకి బ్యాంకేమిటని అధికారులు అడిగారు. సంతకం కావాలంటే కొందరు కూర్చుని పేరు రాయడం నేర్చుకున్నారు. నాలుగు వేల మంది, మనిషికి పది రూపాయల చొప్పున వాటా ధనం వేశారు. 1974లో సేవ సహకార బ్యాంకు ఏర్పడింది. సంతకం చేయలేనివాళ్లకి ఫోటో గుర్తు. ఖాతా ఆడమనిషి పేరునే. తాకట్టు నగలు విడిపించుకోవడానికి, పాత బాకీలు తీర్చుకోవడానికి, తోపుడు బండీ, కుట్టు మిషనూ కొనుక్కోవడానికి అప్పులు ఇచ్చారు. పది రూపాయలేగదా అనిపించవచ్చు. నాలుగు వేల చేతులు కలిస్తే అది నలభై వేలు!

అసలు పెద్ద దెబ్బ తర్వాత వచ్చింది. 1980 తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లలో అహమ్మదాబాదు మిల్లులు వరసగా మూతపడ్డాయి. పవర్‌లూముల పోటీ, పాతబడిన యంత్రాలు, పెరిగిన అప్పులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. లక్ష మందికి పైగా పని పోగొట్టుకున్నారు. హాలెండు దేశపు పండితుడు యాన్ బ్రేమన్ ఆ కుటుంబాల మధ్య తిరిగి వాళ్ల చరిత్ర పుస్తకంగా రాశాడు. అందులో తీపి కబుర్లు లేవు. నేర్పరి అయిన నేతగాడు ఆటోరిక్షా నడిపాడు, కాపలావాడయ్యాడు, రోజుకూలీకి నిలబడ్డాడు. చాలామందికి పాత సంపాదనలో సగం కూడా రాలేదు. పిల్లల చదువులు మధ్యలో ఆగిపోయాయి. ఆడవాళ్లు రాత్రీ పగలూ కుడితే అందులో కొంత దళారికి, నూలుకి, మిషను అద్దెకి. ధైర్యంగా ఉంటే చాలు అన్నీ అవే సర్దుకుంటాయని నేను మీకు చెప్పబోవడం లేదు. అలా చెప్తే ఆ స్త్రీల కష్టాన్ని చిన్నబుచ్చినట్టవుతుంది.

బొంబాయి సంగతీ ఇంతే. తెలంగాణా పల్లెల నుంచి వెళ్లిన మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో అక్కడి మిల్లుల మీద బతికాయి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ సమ్మె విరమించామని ఎవరూ ఎప్పుడూ ప్రకటించలేదు. ఎన్నో మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. ఆ మిల్లు పేటల్లో ఒంటరి కార్మికులకి నెలకింత అని తీసుకుని రెండు పూటలా భోజనం పెట్టే ఆడవాళ్లు ఉండేవారు. ఆ పూటకూళ్ల ఇళ్లని ఖానావళి అంటారు. జీతాలు ఆగితే ముందు అప్పుల పాలయ్యేది వీళ్లే, ఎందుకంటే తిన్నవాడు డబ్బివ్వలేడు, ఆకలన్నవాడిని పొమ్మనలేరు. అలాంటి స్త్రీలని కూడగట్టి 1975లో ప్రేమా పురవ్ అనే ఆవిడ 'అన్నపూర్ణ మహిళా మండలి' స్థాపించారు. బ్యాంకుల నుంచి వాళ్లకి అప్పులు ఇప్పించారు. అన్నం వండడం కూడా పనే, దానికీ పెట్టుబడి ఇవ్వాలి అని ఒప్పించడమే వాళ్ల మొదటి విజయం.

సరే, ఈ కథలోంచి మనం మన ఇళ్లకి ఏం తెచ్చుకోవచ్చు?

మొదటిది, దాచకపోవడం. పని పోయిందని పక్కింటివాళ్లకి తెలియకూడదనీ, పుట్టింటివాళ్లకి చెప్పకూడదనీ పాత ఖర్చులే అప్పు చేసి నడిపితే ఆ మర్యాద రెండు మూడు నెలలకి మించి నిలవదు. అహమ్మదాబాదు ఇల్లాలు తట్ట నెత్తిన పెట్టుకున్న రోజునే సంగతి నలుగురికీ తెలిసింది. నలుగురికీ తెలిసింది కాబట్టే నలుగురూ కలిశారు.

రెండోది, లెక్క. ఒక కాగితం మీద మూడు వరసలు గీయండి. చేతిలో ఉన్నది, రావలసింది, కట్టవలసింది. చేతిలో ఉన్నది ఎన్ని నెలలకి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. తెలియని భయం కన్నా తెలిసిన కష్టం నయం. రావలసింది అన్నచోట కొంచెం ఆగండి. చట్టం భాషలో లే-ఆఫ్ వేరు, రిట్రెంచ్‌మెంటు వేరు. మొదటిది పని లేక తాత్కాలికంగా నిలపడం, రెండోది ఉద్యోగమే తీసేయడం. 1953లోనే పారిశ్రామిక వివాదాల చట్టంలో ఈ రెండింటికీ పరిహారం చేర్చారు. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుడిని తీసేస్తే ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున ఇవ్వాలన్నారు. చట్టం ఉన్నా మూతపడ్డ మిల్లుల కార్మికులు ఆ డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరిగారు. అందుకని నియామకపు ఉత్తరం, జీతం చీటీలు, ప్రావిడెంట్ ఫండు నంబరు ఒకచోట భద్రంగా పెట్టుకోవడం ఉద్యోగం ఉన్నప్పుడే చేయాల్సిన పని. చట్టాలు మారుతూ ఉంటాయి. మనకి ఏది వర్తిస్తుందో తెలిసినవాళ్లని అడగండి.

మూడోది, మనం చేసే పనికి ధర కట్టడం. పచ్చళ్లు పెట్టి అమ్ముదాం, బట్టలు కుడదాం, పిల్లలకి ట్యూషన్ చెప్దాం అనుకుంటాం. మంచిదే. నూనె ఖర్చు, నూలు ఖర్చు, కరెంటు ఖర్చు, వాటితో పాటు మన గంటల ఖర్చు కూడా రాయండి. ఇంట్లో చేసేదే గదా అని మన కష్టాన్ని సున్నాగా వేసుకుంటే, ఆ సున్నాని దళారి లాభంగా మార్చుకుంటాడు. నగలు పెట్టవలసి వస్తే వీధి వడ్డీ కన్నా బ్యాంకు మేలు. అందుకే మీ పేరున ఒక ఖాతా, ఎంత చిన్నదైనా, ఇవాళే ఉండాలి.

నాలుగోది, ఇంట్లోవాళ్ల మనసు. పాతికేళ్లు సైరన్ వింటూ లేచినవాడికి ఒక్కసారిగా పొద్దు ఖాళీ అయితే ఆ మనిషి కుంగిపోతాడు. అతన్ని సోమరి అనకండి, అలాగని ఊరికే కూర్చోబెట్టకండి. లెక్క రాయడం, సరుకు తేవడం, పిల్లల్ని చదివించడం, ఏదో ఒక బాధ్యత అప్పగించండి. పని పోయింది మీకే అయితే ఈ మాట మీకు మీరే చెప్పుకోండి. పోయింది ఉద్యోగం, నేర్చిన విద్య కాదు.

అహమ్మదాబాదు ఆడవాళ్లకి ఆశ అనేది ఎక్కడినుంచో ఊడిపడలేదు. పొద్దున ఒక తట్ట సరుకు, సాయంత్రం ఒక లెక్క, వారానికొకసారి నలుగురితో ఒక కూడిక, వీటిలోంచే అది పుట్టింది. మన ఇళ్లలో జీతం వస్తున్న ఈ నెలలోనే ఆ మూడు వరసల కాగితం రాసి పెట్టుకుందాం. అవసరం రాకపోతే సంతోషమే. వస్తే, చీకట్లో వెతుక్కునే పని ఉండదు.