ఉపగ్రహానికి దిక్కు చెప్పే 'స్టార్ సెన్సార్'.. కక్ష్యలో తిరుగుతుండగానే దాన్ని ఎలా సరిచేస్తారు?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఇలాంటి నష్టాన్ని అంచనా వేయడానికి ఉపగ్రహ చిత్రాలు కూడా పనికొస్తాయి. మరి ఫొటోలో కూలిన తోట కవిటిదా, పక్క ఊరిదా? అది తేలాలంటే క్లిక్ మన్న క్షణంలో కెమెరా సరిగ్గా ఎటు చూస్తోందో తెలియాలి. ఆ సంగతి చెప్పేదే స్టార్ సెన్సార్.

చిన్న లెక్క చూడండి. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి చూసే కెమెరా గురి ఒక్క డిగ్రీ తప్పితే నేల మీద దాదాపు 8.7 కిలోమీటర్ల తేడా వస్తుంది. డిగ్రీలో 60వ వంతు తప్పినా 145 మీటర్లు. అంటే ఒకరి తోట ఉండాల్సిన చోట పక్కవాళ్ల చెరువు కనిపిస్తుంది! డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకండ్ అంటారు. మంచి స్టార్ సెన్సార్లు కొన్ని ఆర్క్ సెకండ్ల తేడాతోనే దిశ చెబుతాయి.

అసలు ఎలా పనిచేస్తుంది?

ఇదో చిన్న కెమెరా. ఎండ పడకుండా ముందు గొట్టం లాంటి తొడుగు ఉంటుంది. కనిపించిన చుక్కల మధ్య కోణాలు కొలిచి, మెమరీలో ఉన్న నక్షత్రాల పట్టికతో పోల్చుకుంటుంది. మధ్యమధ్యలో ఉపగ్రహం ఎంత తిరిగిందో గైరోస్కోప్ చెబుతుంది కానీ, దాని లెక్క మెల్లగా పక్కకు జరిగిపోతుంటుంది. దాన్ని మళ్లీ దారిలో పెట్టేది స్టార్ సెన్సారే.

ల్యాబ్‌లో సరిచూసి పంపాక మళ్లీ ఎందుకు?

రాకెట్ కుదుపులకు బిగింపు వెంట్రుకవాసి కదిలినా చాలు, లెక్క మారుతుంది. పైకెళ్లాక బరువు ఉండదు. ఒకవైపు ఎండ, మరోవైపు చలి. లోహం సాగుతుంది, ముడుచుకుంటుంది. రేడియేషన్ దెబ్బకు కొన్ని పిక్సెళ్లు ఊరికే వెలుగుతూ చుక్కల్లా కనిపిస్తాయి. వాటినీ గుర్తించి పక్కన పెట్టాలి.

అక్కడికెళ్లి స్కేలు పెట్టి కొలవలేం కదా? ఇక్కడే చుక్కలు ఆదుకుంటాయి. ఉపగ్రహం ఎటు తిరిగి ఉన్నా రెండు నక్షత్రాల మధ్య కోణం మారదు. సెన్సార్ కొలిచిన కోణానికీ, పట్టికలోని కోణానికీ తేడా వస్తే, ఆ తప్పు లెన్స్‌లోనో ఫోకస్‌లోనో ఉన్నట్టే. అలాంటి వందలాది జతలను కలిపి కొత్త లెక్క కట్టి, ఆ విలువలను ఉపగ్రహానికి పంపిస్తారు. అయితే భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుండటం వల్ల నక్షత్రాలు 20 ఆర్క్ సెకండ్ల వరకు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. దాన్ని ముందే తీసేయాలి.

ఇంకో చిక్కు ఉంది. సెన్సార్ ఒక్కటే బాగుంటే సరిపోదు, దానికీ ఫొటో కెమెరాకీ మధ్య కోణం కూడా తేలాలి. అందుకు నేల మీద స్థానం కచ్చితంగా తెలిసిన గుర్తులు కావాలి. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు ఫొటోలో చక్కగా కనిపిస్తుంది కానీ, ఇసుక మేటలు మారుతుంటాయి కాబట్టి ఈ పనికి నమ్మలేం. వంతెన చివరలు, రోడ్ల కూడళ్లు నయం.

చంద్రయాన్-1లో ఏం జరిగింది?

సెన్సార్ పూర్తిగా చచ్చిపోతే మాత్రం ఏ కాలిబ్రేషనూ కాపాడలేదు. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1కు మరుసటి ఏడాది ఇదే ఎదురైంది. స్టార్ సెన్సార్లు పనిచేయకపోవడంతో ఇస్రో ఇంజినీర్లు గైరోస్కోప్‌లు, యాంటెన్నా చూస్తున్న దిశ, చంద్రుడి మీద తెలిసిన ప్రదేశాల ఫొటోలు కలిపి దిశను రాబట్టారు. 2009 మే 19న కక్ష్యను 100 నుంచి 200 కిలోమీటర్లకు పెంచారు. రెండేళ్లు అనుకున్న ప్రయోగం అలా నెట్టుకొస్తూ, 2009 ఆగస్టు 29న సంబంధాలు తెగిపోయే దాకా నడిచింది.