గ్రానీ స్మిత్: వాగు గట్టున మొలిచిన యాపిల్

సిడ్నీలో ఉగాది వచ్చేసరికి అక్కడి మామిడి కాపు అయిపోతుంది. ఆ దేశంలో అది ఆకులు రాలే కాలం. అందుకే అక్కడి చాలా తెలుగు ఇళ్లలో ఉగాది పచ్చడిలోకి మామిడికాయకు బదులు ఆకుపచ్చ యాపిల్‌ను చెక్కు తీయకుండా సన్నగా తరిగి వేస్తారు. దాని తురుముతో పులిహోర కూడా కలుపుతారు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పడిందంటే ఆ పులుపు మామిడికి ఏమాత్రం తీసిపోదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తోటల్లో కోతకు వచ్చే ఆ కాయ పేరు గ్రానీ స్మిత్. మన పండ్ల బండ్ల మీద గ్రీన్ యాపిల్ అని అమ్మేదీ ఎక్కువగా ఇదే. ఆ పేరు ఏ కంపెనీవాళ్లో పెట్టింది కాదు, కూలి చేసుకుని బతికిన ఒక ఆడమనిషిది.

మరియా ఆన్ షెర్‌వుడ్ 1799లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, పీస్‌మార్ష్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి వ్యవసాయ కూలీ. 1819లో ఆమె పెళ్లాడిన థామస్ స్మిత్ కూడా కూలీయే. ఎనిమిది మంది పిల్లలు పుడితే ముగ్గురు పసితనంలోనే పోయారు. అప్పట్లో ఆ పల్లెల్లో పని కరువు. నూర్పిడి యంత్రాలు ఉన్న కూలీ కాస్తా లాక్కుంటున్నాయని 1830లో పక్కనున్న కెంట్‌లో కూలీలు వాటిని పగలగొట్టారు. మరోపక్క న్యూ సౌత్ వేల్స్ వలస ప్రభుత్వానికి సేద్యం తెలిసిన చేతులు కావాలి. ఏజెంట్లు ఈ పల్లెలు తిరిగి కుటుంబాలను ఓడ ఎక్కించారు. స్మిత్ దంపతులు ఐదుగురు పిల్లలతో ‘లేడీ నూజెంట్’ ఓడలో 1838 నవంబరు 27న సిడ్నీలో దిగారు.

తెలుగు కూలీలు కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పందాల మీద వెళ్లిందీ ఆ దశాబ్దాల్లోనే. పొట్ట చేతపట్టుకుని పోవడం ఇద్దరికీ ఒకటే. కానీ ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లకు కూలి డబ్బు కూడబెట్టి భూమి కొనుక్కునే దారి ఒకటి తెరిచి ఉంది. ఆ భూమి అంతకుముందు వాలుమెడెగల్ ఆదివాసులది. వాళ్ల చేతుల్లోంచి అది ఎలా పోయిందన్నది ఈ కథలో విడదీయలేని భాగం.

థామస్‌కు సిడ్నీకి వాయవ్యాన రైడ్ ప్రాంతంలో ఏడాదికి 25 పౌండ్ల జీతం మీద పని దొరికింది. ఇప్పటి ఈస్ట్‌వుడ్ దగ్గర 24 ఎకరాలు 605 పౌండ్లకు కొనడానికి ఆ కుటుంబానికి పదిహేడేళ్లకు పైగా పట్టింది. ఆ నేలలో పండ్ల చెట్లు పెంచారు. వయసు మీద పడ్డాక మరియాను చుట్టుపక్కల వాళ్లంతా గ్రానీ స్మిత్ అనే పిలిచేవారు. మన ఊళ్లలో అయితే ‘స్మిత్ మామ్మ’ అనేవాళ్లం.

1868లో ఆమె ఒక పొరుగు తోట రైతును పిలిపించింది. అతని వెంట పన్నెండేళ్ల కొడుకు ఎడ్విన్ స్మాల్ కూడా వెళ్లాడు. వాగు పక్కన ఫెర్న్ మొక్కల మధ్య తనంతట తాను మొలిచిన యాపిల్ చెట్టును ఆమె చూపించింది. టాస్మానియాలో పండిన ఫ్రెంచ్ క్రాబ్ రకం కాయల్లో మిగిలిపోయినవి అక్కడ పారబోశాననీ, వాటి గింజే మొలిచిందనీ చెప్పింది. ఆ పిల్లవాడు ముసలివాడయ్యాక చెప్పిన ఈ మాట 1924లో ‘ఫార్మర్ అండ్ సెట్లర్’ పత్రికలో అచ్చయింది. వంటింటి కిటికీలోంచి విసిరిన తొక్కల్లోంచి మొలిచిందని ఇంకో కథ కూడా ఉంది. నాకు మొదటిదే నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే అది కళ్లారా చూసినవాడి మాట. గట్టున మొలిచిన పిచ్చి మొక్కను పీకి పారేయకుండా కాపు వచ్చేదాకా ఉంచి, తోటపని తెలిసినవాణ్ణి పిలిచి మరీ చూపించడంలో ఆమె చూపు ఎంత పదునో తెలుస్తుంది.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కట్టాల్సిందే. యాపిల్‌ సంగతీ అంతే. కాబట్టి ఇవాళ చిలీలోనో, దక్షిణాఫ్రికాలోనో ఉన్న గ్రానీ స్మిత్ చెట్టు కూడా, కొమ్మ నుంచి కొమ్మకు అంట్ల వెంట వెనక్కి పోతే చివరికి ఆ వాగు గట్టు దగ్గరికే చేరుతుంది.

ఆమె 1870 మార్చి 9న చనిపోయింది. రైడ్‌లోని సెయింట్ ఆన్స్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. అప్పటికి ఆ యాపిల్ ఊరు దాటలేదు. దాన్ని నిలబెట్టింది ఇరుగుపొరుగు రైతులు. ఎడ్వర్డ్ గాలర్డ్ అనే రైతు తన తోటలో ఆ రకాన్ని పెద్ద ఎత్తున నాటాడు. 1891లో కాసిల్ హిల్ వ్యవసాయ ప్రదర్శనలో వంట యాపిళ్ల విభాగంలో దానికి బహుమతి వచ్చింది. 1895లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఎగుమతికి పనికొచ్చే రకాల్లో దాన్ని చేర్చింది. తోలు మందం, త్వరగా మెత్తబడదు, నెలల తరబడి నిలవ ఉంటుంది. వారాల తరబడి సాగే ఓడ ప్రయాణానికి కావలసిన గుణాలన్నీ అందులో ఉన్నాయి. 1968లో బీటిల్స్ బృందం తమ ‘యాపిల్’ రికార్డుల మీద ముద్రించుకున్నదీ ఈ ఆకుపచ్చ కాయనే. 1975 నాటికి ఆస్ట్రేలియా యాపిల్ పంటలో 40 శాతం గ్రానీ స్మిత్‌దే.

ఈస్ట్‌వుడ్‌లో ఇప్పుడు చైనా, కొరియాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ. 1985లో మొదలైన గ్రానీ స్మిత్ ఉత్సవం అక్కడ అక్టోబరులో జరుగుతుంది.