ఊరి భయం దించుకున్న పల్లెలు: ఒంగోలు క్రైస్తవంలో భయమూ విశ్వాసమూ

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్ర రాసినవాళ్లెవరూ ఈ అంకెను వదల్లేదు. దానికి అర్థం చెప్పడం దగ్గరే దారులు చీలాయి. మిషను పుస్తకాల ప్రకారం ఆ జనం దేవుణ్ణి నమ్మారు, నీళ్లలోంచి లేచేసరికి దెయ్యాల భయమూ దేవతల భయమూ వాళ్లను వదిలిపోయాయి. బయటివాళ్ల ప్రకారం అప్పటి కరువులో గంజి పోసిన చేతిని నమ్మారు, అంతకు మించి ఏమీ లేదు. ఒకరు అద్భుతమంటారు, ఇంకొకరు ఆకలంటారు. ఏ కథలోనైనా ఆ ఏట్లో దిగినవాళ్లు తమంతట తాము చేసిందేమీ కనిపించదు. అంతా వాళ్లకు జరిగిందే.

నా అభ్యంతరం ఇక్కడే. దేవుడి మీది నమ్మకంతో భయాన్ని గెలవడమంటే ఈనాటి ప్రసంగాల్లో మనసుకు సంబంధించిన సంగతి. కళ్లు మూసుకుని ప్రార్థిస్తే గుండె కుదుటపడుతుంది. ఒంగోలు పల్లెల్లో అది పనికి సంబంధించిన సంగతి. ఫలానా పని ఇక చెయ్యబోమని ఊరికి చెప్పడం, చెప్పాక ఏం జరుగుతుందో చూస్తూ ఆ రాత్రి అక్కడే పడుకోవడం. అది కరువుకు పదేళ్ల ముందే మొదలైంది.

అంతకు ముందరి కథ అందరూ ఎరిగిందే. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. 1840లో బాప్టిస్టుల శామ్యూల్ డే నెల్లూరు చేరాడు, 1842లో లూథరన్ల హయ్యర్ గుంటూరు వచ్చాడు. నెల్లూరులో ఏళ్లు గడిచినా ఫలితం లేదని 1853లో అమెరికాలోని పెద్దలు ఆ మిషను మూసేయాలా వద్దా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఐదుగురు ప్రార్థించారు. నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర ప్రార్థనగా పేరుబడిన ఆ ప్రార్థనలో దొర, దొరసాని పోగా నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు ఇక్కడివాళ్లున్నారు. పుస్తకాల్లో వాళ్లకు దక్కింది ఒక్కో పేరు మాత్రమే. ఈ కాలమంతా విశ్వాసాన్ని ఒంటరి మనిషిని అడిగారు. బాప్తిస్మం తీసుకుంటే ఇల్లు పోతుంది, పెళ్లాంబిడ్డలు పోతారు. అంత భయానికి ఎదురు నిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే ఉండడంలో వింతేమీ లేదు.

1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అంతకు ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం పొందాడు. ఆయన తోళ్ల వ్యాపారి. ఒంగోలు కథను దొర దగ్గర కాకుండా పేరయ్య దగ్గర మొదలుపెడితే వేరేగా కనిపిస్తుంది. దానికి ముందు, అప్పటి పల్లె, అంటే ఊరి బయటి మాలమాదిగల వాడ, దేనికి భయపడేదో చూడాలి.

ఆ ప్రాంతంలోనే పనిచేసిన మిషనరీ ఎల్మోర్ 1915లోనూ, మద్రాసు బిషప్ వైట్‌హెడ్ 1916లోనూ గ్రామదేవతల మీద పుస్తకాలు వేశారు. ఇద్దరూ బయటివాళ్లే, ఇద్దరికీ తమ మతం మీద పక్షపాతం ఉంది. అయినా చూసింది చూసినట్టు రాసిన చోట్లు చాలా ఉన్నాయి. మశూచి వస్తే పోలేరమ్మ, కలరా వస్తే అంకమ్మ. జాతరలో దున్నపోతును నరికి, తల అమ్మవారి ముందు పెట్టి, దాని ముందుకాలే నోట్లో దూర్చి, పైన దీపం వెలిగించేవారు. రక్తం కలిపిన అన్నాన్ని గంపకెత్తి, అర్ధరాత్రి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరగాలి. అదే పొలి. ఊరు ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చునేది. ఆ గంప మోసేది మాలమాదిగల్లో ఒకడు. పొలిమేరలో కాచుకుని ఉన్న శక్తి పట్టిందంటే ముందు పట్టేది వాణ్ణే. డప్పు కొట్టేది మాదిగ. దేవత పూనితే ఊరందరినీ తిట్టే హక్కున్న మాతంగీ మాదిగ ఆడదే.

కాబట్టి భయం పల్లెది మాత్రమే కాదు. కరణానికీ, మునసబుకూ, రెడ్డికీ, కమ్మ ఆసామికీ పోలేరమ్మ అంటే హడలే. కాకపోతే ఆ భయాన్ని నెత్తిన పెట్టుకుని చీకట్లో నడిచే పని పల్లెకు అప్పజెప్పి, వాళ్లు గడియ పెట్టుకున్నారు. మతంలో చేరినవాళ్లకు మూఢనమ్మకాలు పోయాయని రాసే చరిత్రలు ఈ పని విభజనను చూడవు. పల్లె క్రైస్తవమైందంటే ఊరికి పొలి చల్లేవాడు లేడు, జాతరకు డప్పు లేదు. కలరా గనక వచ్చిందా, తప్పు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆసాముల కోపంలో వెట్టి పోతుందన్న లెక్క ఎంత ఉందో, రోగం వస్తుందన్న దిగులూ అంతే ఉంది.

క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. ఆయన దృష్టిలో అవి నీతి నియమాలు. పల్లె దృష్టిలో మూడు వైపులా తెరుచుకున్న మూడు తగాదాలు. ఆదివారం మానితే ఆసామితో తగాదా. గొడ్డు మానేస్తే, చచ్చిన పశువుకూ తోలుకూ చెప్పులకూ మధ్య తరాలుగా నడిచిన ఇచ్చిపుచ్చుకోళ్లతో తగాదా. జాతర మానితే అమ్మవారితోనూ, ఊరితోనూ తగాదా. బావి నీళ్లు ఆపేశారు, పనులకు పిలవడం మానేశారు, దొంగతనం కేసులు బనాయించారు. మూడు వైపులా ఒకేసారి భయపెడుతుంటే ఒక ఇల్లు నిలవదు. పల్లె మొత్తం ఒక మాట మీద ఉంటే నిలుస్తుంది. అందుకే ఇక్కడ బాప్తిస్మాలు వియ్యాల దారి వెంట, మేనమామల పల్లెల వెంట పాకాయి. పగలు కూలి, రాత్రి కూటం. ఆ కూటాల్లో చదవడం వచ్చినవాడు ఒక్కడుంటే గొప్ప. మిగతావాళ్లు విన్నది నోటికి పట్టించుకున్నారు.

సాక్ష్యాధారాల సంగతి దాచి లాభం లేదు. ఈ వివరాలు ఎక్కువగా రెండు పుస్తకాల నుంచి వస్తాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పల్లె పెద్దల నోట విన్న కథలతో 1899లో ఒకటి వేసింది. భర్త 1910లో పోయాక ఆయన ఆత్మకథను కూర్చి 1914లో రెండోది తెచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుని, దొరసానికి చెప్పి, ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలవి. భయపడి వెనక్కి తిరిగినవాళ్ల దగ్గరికి వెళ్లి ఎవరూ కథ అడగలేదు. అందుకని ధైర్యం పాలు ఎక్కువగా, పిరికితనం పాలు తక్కువగా మనదాకా వచ్చిందని అనుకోవాలి.

అయితే మిషనుకు పెద్దగా పనికిరాని సంగతులు కూడా ఆ పుస్తకాల్లో మిగిలాయి, వాటికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. పేరయ్య క్రీస్తు దగ్గరికి నేరుగా రాలేదు. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. ఆ పల్లెల్లో నాసరయ్య భక్తులు ఉండేవారు, ఒకే దేవుణ్ణి కొలిచేవారు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల కథల్లో మాదిగ కక్కయ్య ఉండనే ఉన్నాడు. అంటే గ్రామదేవతకు పైన ఇంకొకడున్నాడనీ, వాణ్ణి నమ్మినవాడు జాతరకు వెళ్లకపోయినా బతుకుతాడనీ పల్లెలో కొందరు క్లౌ గుర్రం రాకముందే తేల్చుకున్నారు. మిషను రచయితలు దీన్ని సువార్తకు నేల దున్నడంగా చూశారు. నాకది సగం పంటలా కనిపిస్తుంది. క్రైస్తవం కొత్తగా తెచ్చింది, ఆ తెగువను ఒక్క సాధకుడి దగ్గర ఆగనీయకుండా పల్లె మొత్తం కట్టుబాటుగా మార్చడం.

వాళ్లు నమ్మింది దేవుణ్ణా, దొరనా? ఈ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. క్లౌ కలెక్టర్లకు ఉత్తరాలు రాశాడు, కోర్టుల్లో పోరాడాడు, పాలకుల రంగున్న మనిషి. ఆ అండ పల్లెకు ఎంత పనికొచ్చిందో పల్లెకు తెలుసు. కానీ దొర ఒక్కడు, ఊళ్లు వందలు. ఒక ఊరికి వచ్చి వెళ్లాక మళ్లీ వచ్చేసరికి నెలలు పట్టేది. గుడిసెకు నిప్పు పెట్టేవాడు దొర గుడారం పీకేదాకా ఆగగలడు. అమ్మవారికైతే దొర అడ్డమే కాదు. మశూచి పోసిన బిడ్డ పక్కన కూర్చుని, మొక్కు కట్టమని పోరుతున్న అత్తగారికి లేదని చెప్పిన తల్లి దగ్గర ఆ రాత్రి క్లౌ లేడు.

ఇక కరువు. ఎనిమిది మందితో మొదలైన సంఘం కరువు ముదిరేనాటికే మూడు వేలు దాటింది. 1877 మొదట్లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, అక్కడ శిబిరం పెట్టి వేల మందికి కూలి ఇప్పించిన కాలంలోనే, దాదాపు పదిహేను నెలలు తలుపు మూసి ఉంచాడు. కూలి పనులు అయిపోయాక, 1878 జూన్‌లో, ఇక ఆపలేక తెరిచాడు. అన్నం కోసమే వచ్చారనేవాళ్లు ఈ వరుసకు జవాబు చెప్పాలి. ఆకలికి పాత్రే లేదని మాత్రం నేననను. శిబిరంలో తిన్న అన్నం ఎవరూ మరచిపోరు, వచ్చే కరువుకు దిక్కెవరన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. శిబిరం చేసిన ఇంకో మేలు ఎక్కువమంది గమనించలేదు. ఎక్కడెక్కడి పల్లెలవాళ్లో ఒకచోట మట్టి మోశారు, సాయంత్రాలు మాదిగ బోధకుల మాటలు విన్నారు, తాము ఎంతమందో కళ్లారా చూసుకున్నారు. పొలి చల్లిన ఊళ్లోనూ చల్లని ఊళ్లోనూ చావులు ఒకే తీరున జరిగాయన్న లెక్క కూడా అక్కడే వేసుకుని ఉంటారు. ఈ చివరిది నా ఊహ, రుజువు లేదు. గుండ్లకమ్మలో జూలై 2, 3, 4 తేదీల్లో మొత్తం 3,536 మంది దిగారు. బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని. ఆ మూడు రోజుల్లో నీళ్లలో నిలబడింది దొర కాదు.

తర్వాతి కాలాన్ని త్వరగా దాటవచ్చు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, విశ్వాసి ప్రతివాడూ సాక్ష్యం చెప్పాల్సిందేనని పట్టుబట్టి ఇదే బలాన్ని ఇంకో చోట పెంచాడు. 1933లో పికెట్ అచ్చువేసిన సామూహిక ఉద్యమాల సర్వేలో అడిగిన విషయాల్లో దెయ్యాల భయం ఒకటి. తగ్గింది కానీ పోలేదని ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. పోలేరమ్మ భయంలో పెద్ద వాటా తీసేసింది టీకా అన్నదీ చెప్పుకోవాలి. 1975 తర్వాత దేశంలో మశూచి కేసే లేదు. ఈ మాట ఉజ్జీవ సభల్లో చెబితే చప్పట్లు రావు. 1938లో దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను, హైదరాబాదు హెబ్రోను నుంచి భక్తసింగ్ నడిపిన సహవాసాలు విశ్వాసాన్ని మళ్లీ ఒక్కో మనిషి లోపలికి తిప్పాయి. జీతం లేకుండా దేవుడి మీద ఆధారపడి సేవ చేసిన వాళ్ల తెగువ గొప్పదే. అయినా అది సేవకుడి తెగువ, పల్లెది కాదు.

పల్లె భయం మళ్లీ బయటపడింది 1985 జూలై 17న, ఒంగోలు ఉన్న అప్పటి ప్రకాశం జిల్లాలోనే. కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. మిగిలినవాళ్లు పారిపోయి చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చర్చి నీడ ఇచ్చింది. కానీ ఆ భయాన్ని కోపంగా మార్చి వీధిలోకి తెచ్చింది ఆ సెప్టెంబరులో పుట్టిన దళిత మహాసభ. క్లౌ కాలంలో ఈ రెండు పనులూ ఒకే కూటంలో జరిగేవి.

ఇప్పటి సంగతి. టీవీలో, యూట్యూబులో వినిపించే తెలుగు ప్రసంగాల్లో భయం మళ్లీ మంచి సరుకైంది. పూర్వీకుల శాపం, చేతబడి, ఇంటి మీద కట్లు అని ముందు బెదరగొడతారు, ఆ వెనకే అభిషేక తైలం సీసా చూపిస్తారు. ఆపరేషనుకు వెళ్లే ముందు పాస్టరుగారిచేత తల మీద చెయ్యి వేయించుకునే ఆడమనిషిని చులకన చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ ఓదార్పు నిజం, దానికి బదులు ఇచ్చేది నా దగ్గర ఏమీ లేదు. కానీ ఊరు నెత్తిన పెట్టిన గంపను తాతలు కింద పెట్టి వస్తే, మనవల్లో ఒక్కొక్కరి చేతికీ ఒక్కో చిన్న గంప ఇస్తున్న బోధను విశ్వాసమని పిలవడానికి నాకు నోరు రాదు.

అసలు భయం వేరే చోట ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాలకు, మాదిగకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2025లో, క్రైస్తవుడై పాస్టరుగా ఉన్న ఒకాయనకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. అందుకని ఆదివారం ఆరాధనకు వెళ్లే ఇంట్లోనే సర్టిఫికెట్ మీద హిందువు అని ఉంటుంది. రిజిస్టరులో పేరు రాస్తామంటే వద్దండీ అంటారు. దీన్ని అల్పవిశ్వాసమని వేదిక మీంచి మందలించే పెద్దలున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. 1870ల్లో బావి మూశారు, ఇప్పుడు ఉద్యోగమూ చట్టమూ మూశారు. అప్పుడు పల్లె మొత్తం కలిసి నిలబడింది, ఇప్పుడు ఒక్కో కుటుంబాన్ని ఒంటరిగా నిలబడమంటున్నారు. సర్టిఫికెట్ భయం మీద ఒక్క ఆదివారమైనా మాట్లాడిన సంఘకాపరులు నాకు తెలిసి బహు కొద్దిమంది. చేతబడి మీదైతే ఏటా మూడేసి రోజుల సభలు పెడుతున్నారు.