పట్టిక చేతులు మారిన కథ: వేవ్‌టేబుల్ సింథసైజర్ పరిణామం

వీణ తీగ మీటిన క్షణంలో వినిపించే నాదమూ, అదే స్వరం అణగిపోయే ముందు వినిపించే నాదమూ ఒకటి కావు. శ్రుతి అదే ఉంటుంది, నాదగుణం మారుతుంది. మీటగానే పై హార్మోనిక్స్ (మూలస్వరానికి పూర్ణ గుణిజాలైన పౌనఃపున్యాలు) దండిగా పలుకుతాయి. అవి ముందుగా తగ్గిపోవడంతో స్వరం మెత్తబడుతుంది. తంబురాలో ఈ మార్పు మరింత స్పష్టం. తీగకూ బ్రిడ్జికీ మధ్య దూర్చిన నూలుపోగు సరైన చోట కుదిరితే ఒక్క మీటులోనే హార్మోనిక్స్ ఒకదాని వెంట ఒకటి తేలి వస్తాయి. ఈ బ్రిడ్జిల ప్రత్యేకతను గమనించిన సి.వి. రామన్ 1921లో భారతీయ తీగ వాద్యాల మీద పరిశోధన పత్రమే రాశారు.

ఎలక్ట్రానిక్ వాద్యాలకు పుట్టుకతో ఈ గుణం లేదు. ఆసిలేటర్ పుట్టించిన తరంగం, మీట నొక్కి ఉంచినంతసేపూ అదే ఆకారంలో తిరిగి తిరిగి వస్తుంది. చెవి త్వరగా విసుగు చెందుతుంది. ఈ లోటు తీర్చడానికి 20వ శతాబ్దం ఎన్నో దారులు వెతికింది. రాబర్ట్ మోగ్ వంటివారు ఫిల్టర్‌తో హార్మోనిక్స్‌ను కోస్తూ వెళ్లారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ ఒక తరంగంతో మరో తరంగాన్ని కుదిపే ఎఫ్ఎం పద్ధతిని కనుగొన్నారు. మరో దారి వేవ్‌టేబుల్. తరంగాల ఆకారాలను ముందే పట్టికగా రాసి పెట్టుకుని, స్వరం మోగుతుండగానే ఒక ఆకారం నుంచి మరో ఆకారానికి నడవడం దీని పద్ధతి.

ఈ ఆలోచన పుట్టి ఆరు దశాబ్దాలు దాటింది. ఇన్నేళ్లలో మూలసూత్రం పెద్దగా మారలేదు. మారిందల్లా ఆ పట్టిక ఎవరి చేతిలో ఉందన్నదే. మొదట ప్రయోగశాలలోని ఇంజినీరు చేతిలో, తర్వాత వాద్యం తయారుచేసే కంపెనీ చేతిలో ఉండి, చివరికి పాట కట్టేవాడి చేతికి వచ్చింది. వేవ్‌టేబుల్ చరిత్రను ఈ కోణంలో చూస్తేనే నేటి సాఫ్ట్‌వేర్ విలువ సరిగ్గా అర్థమవుతుంది.

మొదటి పట్టిక

1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు మ్యాక్స్ మ్యాథ్యూస్ 'మ్యూజిక్' అనే ప్రోగ్రాం రాశారు. ఐబీఎం 704 కంప్యూటర్ మీద అది 17 సెకన్ల సంగీతాన్ని లెక్కకట్టింది. ఆ చిన్న రచన న్యూమన్ గట్‌మన్‌ది, పేరు 'ద సిల్వర్ స్కేల్'. ఆ మొదటి ప్రోగ్రాంకు తెలిసింది త్రిభుజాకార తరంగం ఒక్కటే. మరుసటి ఏడాది వచ్చిన మ్యూజిక్ 2తో నాలుగు స్వరాలను ఒకేసారి పలికించే వీలు కలిగింది. కంప్యూటర్ జ్ఞాపకంలో దాచిన తరంగాల్లోంచి కావలసినదాన్ని ఎంచుకునే సదుపాయమూ దానితోనే వచ్చింది.

పట్టిక అవసరం లెక్కల భారం వల్ల వచ్చింది. ధ్వనిని అంకెల్లో రాయాలంటే సెకనుకు వేల సంఖ్యలు కావాలి. ప్రతి సంఖ్యకూ సైన్ విలువను మొదటినుంచీ లెక్కకట్టడం ఆనాటి యంత్రానికి తలకు మించిన పని. అందుకే తరంగంలోని ఒక్క ఆవృత్తిని ఒకసారి లెక్కకట్టి వరుసగా రాసి పెట్టుకున్నారు. తర్వాతి మ్యూజిక్ 5 ప్రోగ్రాంలో ఆ వరుసకు 512 గడులు. శ్రుతి పెంచాలంటే గడుల మీదుగా పెద్ద అంగలు వేయాలి, తగ్గించాలంటే చిన్న అంగలు చాలు. ఈ రోజు ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో పలికే సింథ్‌లలో చాలావాటికి పునాది ఈ ఉపాయమే.

అయితే మ్యాథ్యూస్ పట్టికలో ఒకసారికి ఒకే తరంగం. స్వరం మధ్యలో ఆకారం మార్చడం ఆయన లక్ష్యం కాదు, లెక్కలు తగ్గించడమే లక్ష్యం. అప్పట్లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లగలిగేవారూ కొద్దిమందే.

హాంబర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ పామ్

తరంగాల పట్టికను వాద్యంగా మలిచిన ఘనత జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ పామ్‌ది. హాంబర్గ్‌లో 1975లో ఆయన పీపీజీ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఒకదానికొకటి కాస్త కాస్త తేడా ఉన్న తరంగాలను వరుసగా పేర్చి, ఆ వరుసలో ఏ చోటనుంచి చదవాలో ఎన్వలప్‌కో (మీట నొక్కినప్పటినుంచి కాలంతో మారే విలువ), ఎల్ఎఫ్ఓకో (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) అప్పగిస్తే స్వరం తనంతట తాను రంగులు మారుస్తుందని ఆయన గ్రహించారు. ఒక్కో పట్టికలో 64 తరంగాలు పెట్టారు.

1970ల చివర్లో వచ్చిన వేవ్‌కంప్యూటర్ 360 ఈ ఆలోచనకు తొలి రూపం. అందులో ఫిల్టర్ లేదు. 8 బిట్ల తరంగాల్లోని గరుకుదనమంతా నేరుగా బయటికి వచ్చేది. వాద్యం పెద్దగా అమ్ముడుపోలేదు. పామ్ వెనక్కి తగ్గకుండా 1981లో పీపీజీ వేవ్ 2 తెచ్చారు. తరంగాలు డిజిటల్, వాటి తర్వాత వచ్చే ఫిల్టర్ అనలాగ్. డిజిటల్ తరంగాల్లోని గాజు మెరుపు, అనలాగ్ ఫిల్టర్‌లోని వెచ్చదనం కలిసి అంతవరకూ వినని నాదం పుట్టింది. 1982లో వచ్చిన వేవ్ 2.2లో ఒక్కో స్వరానికి రెండు ఆసిలేటర్లు. టాంజెరిన్ డ్రీమ్, డెపెష్ మోడ్, థామస్ డాల్బీ వంటివారి రికార్డుల్లో ఆ నాదం 1980ల గుర్తుగా నిలిచిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వేవ్ కీబోర్డులోని పట్టికలు పామ్ కూర్చినవే. వాయించేవాడు వాటిలో నడవగలడు కానీ కొత్తవి రాయలేడు. ఆ హద్దు దాటించడానికి పామ్ వేవ్‌టెర్మ్ అనే ప్రత్యేక కంప్యూటర్ తయారుచేశారు. హార్మోనిక్స్‌ను తెర మీద అమర్చుకుని, లేదా బయటి ధ్వనిని నమోదు చేసి, సొంత తరంగాలు తయారుచేసుకునే వీలు అందులో ఉండేది. పట్టిక సంగీతకారుడి చేతికి అందడం అక్కడే మొదలైంది. కానీ ధర మామూలు సంగీతకారులకు అందనంత ఎత్తులో ఉండేది.

ఈలోగా 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. ఎఫ్ఎం పద్ధతిలో పనిచేసే ఆ కీబోర్డు చాలా తక్కువ ధరకే దొరికి మార్కెట్‌ను ఊడ్చేసింది. పామ్ చివరి ప్రయత్నం రియలైజర్. రకరకాల సింథసైజర్లను పూర్తిగా సాఫ్ట్‌వేర్‌తోనే, ఒక తెర ముందు కూర్చుని పలికించే యంత్రం అది. ఇప్పటి ప్లగిన్‌లకు, అంటే రికార్డింగ్ ప్రోగ్రాంలో చేర్చుకునే సాఫ్ట్‌వేర్ వాద్యాలకు, ముందుమాట అనదగిన ఆలోచన. నమూనా దశ దాటకముందే, 1987లో, పీపీజీ మూతపడింది.

వాల్డార్ఫ్ కొనసాగింపు

జర్మనీలో పీపీజీ వాద్యాలు పంపిణీ చేసిన వోల్ఫ్‌గాంగ్ డ్యూరెన్ ఆ వారసత్వాన్ని వదులుకోలేదు. ఆయన వాల్డార్ఫ్ కంపెనీ 1989లో మైక్రోవేవ్ విడుదల చేసింది. కీబోర్డు లేని చిన్న పెట్టె, లోపల పీపీజీ తరహా పట్టికలు, అనలాగ్ ఫిల్టర్లు. స్టూడియోలు దాన్ని అక్కున చేర్చుకున్నాయి. అమెరికాలో సీక్వెన్షియల్ కంపెనీ ప్రోఫెట్ వీఎస్ (1986), జపాన్‌లో కోర్గ్ వేవ్‌స్టేషన్ (1990) ఇదే కోరికను మరో తీరుగా తీర్చాయి. మొదటిది నాలుగు తరంగాల మధ్య జాయ్‌స్టిక్‌తో తిరగనిచ్చింది. రెండోది తరంగాలను ఒకదాని వెంట ఒకటిగా వరుసకట్టింది. 1997 నాటి మైక్రోవేవ్ 2లో ఫిల్టర్లు కూడా డిజిటల్‌కే మారాయి. అంటే వాద్యం మొత్తం లెక్కల రూపంలోకి వచ్చేసింది. లెక్కలు చేసే చిప్ పెట్టెలో ఉండాల్సిన అవసరం ఇక మిగల్లేదు.

ప్లగిన్‌గా మారిన వాద్యం

పామ్ పనిచేసిన హాంబర్గ్‌లోనే ఉన్న స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్‌టీ అనే ప్లగిన్ ప్రమాణాన్ని ప్రకటించింది. 1999లో దాని రెండో రూపంతో సాఫ్ట్‌వేర్ వాద్యాలను రికార్డింగ్ ప్రోగ్రాం లోపలే వాయించే వీలు కలిగింది. 2000లో వాల్డార్ఫ్ పాత పీపీజీ వేవ్‌ను ప్లగిన్‌గా మార్చి తెచ్చింది. కొత్త దారి పరిచింది మాత్రం 2007 ప్రాంతంలో బెర్లిన్‌లోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన మాసివ్.

మాసివ్‌లో మూడు వేవ్‌టేబుల్ ఆసిలేటర్లు ఉన్నాయి. ఎన్వలప్, ఎల్ఎఫ్ఓలను మౌస్‌తో లాగి ఏ నాబ్ మీదైనా వదలవచ్చు. పట్టికలో స్థానం, ఫిల్టర్, శబ్ద స్థాయి అన్నీ ఏకకాలంలో కదిలించడం కొత్తవాళ్లకు కూడా తేలికైంది. దక్షిణ లండన్‌లోని క్రోయ్‌డన్ పరిసరాల్లో పుట్టిన డబ్‌స్టెప్ అప్పటికే ఊగే బాస్ మీద నిలబడిన సంగీతం. తాళానికి కట్టిన ఎల్ఎఫ్ఓ పట్టికను ముందుకూ వెనక్కూ నడిపిస్తుంటే బాస్ అచ్చులు పలికినట్టు, గర్జించినట్టు వినిపించింది. 2010 తర్వాతి ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి మాసివ్ ఇంటింటి పనిముట్టయింది.

కానీ మాసివ్ పట్టికలు కంపెనీ ఇచ్చినవే. సొంతవి చేర్చే వీలు లేదు. లక్షలమంది అవే పట్టికల మీద నడవడంతో ఒక దశలో పాటలన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు అనిపించసాగింది. పట్టిక ఎవరిదన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది.

సీరం: తెర మీద తరంగం

దానికి గట్టి జవాబు 2014లో వచ్చింది. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు డెడ్‌మౌ5తో కలిసి పనిచేసిన అమెరికన్ ప్రోగ్రామర్, సంగీతకారుడు స్టీవ్ డూడా తన ఎక్స్‌ఫర్ రికార్డ్స్ ద్వారా సీరం విడుదల చేశారు. ఒక పట్టికలో 256 తరంగాల వరకూ, ఒక్కో తరంగంలో 2,048 సంఖ్యలు. తరంగాన్ని మౌస్‌తో గీయవచ్చు, సూత్రం రాసి పుట్టించవచ్చు, హార్మోనిక్స్‌ను ఒక్కొక్కటిగా పెంచి తగ్గించవచ్చు, లేదా ఏదైనా ఆడియో ఫైలును లాగి వదిలితే పట్టికగా మారుతుంది. స్వరం మోగుతున్నంతసేపూ తరంగం తెర మీద కదులుతూ కనిపిస్తుంది. చెవికి వినిపించేదానికీ కంటికి కనిపించేదానికీ సంబంధం తెలియడంతో ఎంతోమందికి ధ్వనిశాస్త్రం పాఠం సీరంలోనే మొదలైంది.

సీరం పేరు నిలబెట్టిన మరో గుణం శుభ్రత. దీన్ని కాస్త లెక్కతో చూడాలి. సెకనుకు 44,100 నమూనాలు తీసే వ్యవస్థ 22,050 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్యాన్ని మోయలేదు. 55 హెర్ట్జ్ బాస్ స్వరానికి ఆ హద్దులోపు 400 హార్మోనిక్స్ పడతాయి. 3,520 హెర్ట్జ్ స్వరానికి పట్టేవి ఆరే. ఒకే తరంగాన్ని రెండు చోట్లా చదివితే, పై స్వరంలో హద్దు దాటిన హార్మోనిక్స్ వెనక్కి మడతపడి శ్రుతితో సంబంధం లేని కీచు శబ్దాలుగా వినిపిస్తాయి. దీన్నే అలియాసింగ్ అంటారు. మంచి వేవ్‌టేబుల్ సింథ్ ఒక్కో తరంగానికి పై హార్మోనిక్స్ తగ్గిస్తూ అనేక రూపాలు తయారుచేసుకుని, వాయించిన స్వరానికి తగ్గదాన్ని ఎంచుకుంటుంది. 440 హెర్ట్జ్ స్వరానికి 2,048 గడుల్లో ఒక్కో అంగ సుమారు 20.4 గడులు. గడికీ గడికీ మధ్య పడిన విలువను కూడా జాగ్రత్తగా అంచనా కట్టాలి. ఇదంతా తెర వెనుక శ్రమ. వినేవాడికి తెలిసేది నాదం తేటగా ఉందనే.

అప్పట్లో సీరం ధర 189 డాలర్లు. స్ప్లైస్ సంస్థ 2016లో దాన్ని నెలకు 9.99 డాలర్ల వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టింది. పైరసీకి అలవాటుపడిన కుర్రకారును కొనుగోలు వైపు తిప్పడంలో ఆ పద్ధతి ఎంతో మేలు చేసింది. 2018లో సంగీత రికార్డింగ్ ప్రోగ్రాం ఏబుల్టన్ లైవ్ 10 తన సొంత వేవ్‌టేబుల్ సింథ్‌ను చేర్చింది. అదే ఏడాది సర్జ్ సింథ్ ఓపెన్ సోర్స్ అయింది, ఆర్టూరియా పిగ్మెంట్స్ కూడా వచ్చింది.

ఉచితంగా అందిన పట్టిక

2020 నవంబరులో మ్యాట్ టైటెల్ విడుదల చేసిన వైటల్ ఈ కథలో ఒక మలుపు. సీరం స్థాయి సాధనాన్ని ఆయన ఉచిత రూపంలోనూ ఇచ్చి, దాని సోర్స్ కోడ్‌ను కూడా బయటపెట్టారు. డబ్బు కట్టినవారికి అదనంగా దక్కేవి ప్రీసెట్లు (ముందే అమర్చిన నాదాలు), పట్టికల వంటివే. పట్టిక తయారుచేసే సాధనం అందరికీ ఒక్కటే.  ఒకప్పుడు వేవ్‌టెర్మ్ కొనగలిగిన కొద్ది స్టూడియోలకే దక్కిన పని, దీనితో మామూలు ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఖర్చు లేకుండా అందింది. 2025 మార్చిలో వచ్చిన సీరం 2, పాత కొనుగోలుదారులకు ఉచితంగానే లభించింది. వేవ్‌టేబుల్ పక్కనే గ్రాన్యులర్, స్పెక్ట్రల్ పద్ధతులూ అందులో చేరాయి.

ఇక మన వంతు

గుంటూరులో ఇంట్లో కూర్చుని పాట కట్టే యువకుడికీ లండన్ స్టూడియోకూ ఈ విషయంలో ఇప్పుడు సాధనాల తేడా లేదు. ఉన్న తేడా పట్టికల్లోనే. ప్రీసెట్ మార్చుకుంటూ పోయేవాడు ఎవరో రాసిన పట్టిక మీద నడుస్తున్నాడు. మాసివ్ కాలంలో గొంతులన్నీ ఒకటైపోవడానికి కారణం ఇదే, ఈ రోజు కూడా ఆ ప్రమాదం ఉంది.

సొంత పట్టిక కష్టమేమీ కాదు. నాదస్వరం మీద గమకం లేకుండా నిలిపిన ఒక్క స్వరం, లేదా అదే శ్రుతిలో 'అ' నుంచి 'ఇ'కి, 'ఇ' నుంచి 'ఉ'కి మెల్లగా జారే గొంతు నమోదు చేసి, ఆ శ్రుతిని సరిగ్గా చెప్పి వైటల్‌లోకి ఎక్కిస్తే చాలు. స్థానాన్ని ఎన్వలప్‌కు కడితే స్వరం తానే అచ్చులు మారుస్తుంది. గమకాన్ని పట్టికలోకి ఎక్కించకూడదు. దాన్ని పిచ్ బెండ్‌తో విడిగా వాయించాలి, ఎందుకంటే పట్టిక దాచేది నాదగుణాన్నే, శ్రుతి కదలికను కాదు. డప్పు దెబ్బ కూడా దీనికి లొంగదు. ఒకే ఆవృత్తి తిరిగి తిరిగి వచ్చేచోట మూలస్వరానికి పూర్ణ గుణిజాలైన హార్మోనిక్స్ మాత్రమే ఉంటాయి. డప్పు నాదం అలాంటిది కాదు, దానికి నమోదు చేసిన ధ్వనిని యథాతథంగా వాయించే శాంపిలరే తగినది.

ఈ హద్దులు తెలిసి పనిచేస్తే వేవ్‌టేబుల్ మన చెవికి చాలా దగ్గరి సాధనం. ఒకే స్వరం లోపల నాదం కదలాలని తంబురా శ్రుతి చేసుకునే మనవాళ్లు ఏనాటినుంచో కోరుకున్నారు. ఆ కదలికను అంకెల్లో రాసే పనిముట్టును మ్యాథ్యూస్, పామ్, డూడా, టైటెల్ అంచెలంచెలుగా మన దాకా తెచ్చారు. అందులో ఇంకా ఎవరూ రాయని పట్టికలు మన వాద్యాలవీ, మన అచ్చులవీ ఎన్నో ఉన్నాయి. వాటిని రాయవలసింది మనమే.