ట్రాక్టరు ట్రెయిలరు విద్యుత్ కనెక్టరు

'''ట్రాక్టరు ట్రెయిలరు విద్యుత్ కనెక్టరు''' అనగా ట్రాక్టరు బ్యాటరీ నుండి వెనుక తగిలించిన ట్రెయిలరు దీపాలకు విద్యుత్తును అందించే ప్లగ్గు, సాకెట్టుల జత. సాకెట్టు ట్రాక్టరు వెనుక భాగాన, ప్లగ్గు ట్రెయిలరు తీగల చివర ఉంటాయి. ట్రెయిలరును వాడుకలో తొట్టి, ట్రక్కు, ట్రాలీ అని కూడా అంటారు. వోల్టేజి, పిన్నుల సంఖ్య, తీగల వరుస, ఎర్తు అనే నాలుగూ రెండువైపులా సరిపోయినపుడే కనెక్టరు సరిగా పనిచేస్తుంది.

== ఆవశ్యకత ==

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వరి ధాన్యం, చెరకు, ఇసుక, ఇటుకల రవాణాకు ట్రాక్టర్లను విరివిగా ఉపయోగిస్తారు. సంకిలి చక్కెర కర్మాగారానికి చెరకు ట్రాక్టర్లపై కూడా చేరుతుంది. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై ఈ ట్రాక్టర్లు వేగంగా వచ్చే లారీలు, బస్సులతో కలిసి నడుస్తాయి. లోడుతో ఉన్న తొట్టి ట్రాక్టరు వెనుక దీపాలను పూర్తిగా కప్పివేస్తుంది. కావున తొట్టి దీపాలు వెలగనిచో రాత్రివేళ వెనుక వచ్చువారికి ముందున్న వాహనం కనిపించదు.

మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనం ప్రకారం ట్రెయిలరు కూడా మోటారు వాహనమే. దీపాలు, రిఫ్లెక్టర్లను గూర్చిన నిబంధనలు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో ఉన్నాయి. రేడియం స్టిక్కర్లు ఇతరుల దీపకాంతిని తిప్పి పంపుతాయే గాని, బ్రేకు వేసిన సంగతినీ, మలుపునూ తెలుపలేవు.

== రకాలు ==

* '''12 వోల్టుల 7 పిన్నుల కనెక్టరు''': ఐ.ఎస్.ఓ 1724 ప్రమాణం. 12 వోల్టుల బ్యాటరీ గల ట్రాక్టర్లకు తగినది.
* '''24 వోల్టుల 7 పిన్నుల కనెక్టరు''': ఐ.ఎస్.ఓ 1185 ప్రమాణం. భారీ లారీలకు ఉద్దేశించినది. దీని పిన్నుల వరుస వేరు.
* '''13 పిన్నుల కనెక్టరు''': ఐ.ఎస్.ఓ 11446 ప్రమాణం. ఐరోపాలో కార్ల వెనుక లాగే ట్రెయిలర్లకు వాడతారు.
* '''4 పిన్నుల బల్లపరుపు కనెక్టరు''': ఉత్తర అమెరికాలో చిన్న ట్రెయిలర్లకు వాడతారు. ఇందులో బ్రేకు, ఇండికేటరు సంకేతాలు ఒకే తీగపై వస్తాయి. కావున ఆ రెంటికీ వేర్వేరు తీగలున్న ట్రాక్టరుకు నేరుగా కలుపరాదు.

== 12 వోల్టుల 7 పిన్నుల వరుస ==

# పసుపు తీగ - ఎడమ ఇండికేటరు
# నీలం తీగ - వెనుక పొగమంచు దీపం
# తెలుపు తీగ - ఎర్తు
# ఆకుపచ్చ తీగ - కుడి ఇండికేటరు
# గోధుమరంగు తీగ - కుడి వెనుక దీపం
# ఎరుపు తీగ - బ్రేకు దీపాలు
# నలుపు తీగ - ఎడమ వెనుక దీపం

24 వోల్టుల కనెక్టరులో ఎర్తు 1వ పిన్నుకు, బ్రేకు దీపాలు 4వ పిన్నుకు వస్తాయి. పాత తొట్టిలో తీగల రంగులు మారి ఉండవచ్చును. కావున రంగును నమ్మక, టెస్టు బల్బుతో ఒక్కొక్క పిన్నును పరీక్షించవలెను.

== ఎంపిక ==

మొదట ట్రాక్టరు సాకెట్టును చూసి, దానికి సరిపోయే ప్లగ్గును తొట్టికి అమర్చవలెను. ఒకే తొట్టిని పలు ట్రాక్టర్లకు తగిలించునపుడు అన్నిటికీ ఒకే వరుసను పాటించుట మేలు. బల్బులపై ముద్రించిన వోల్టేజిని కూడా చూడవలెను. 24 వోల్టుల బల్బు 12 వోల్టులపై మసకగా వెలుగుతుంది. 12 వోల్టుల బల్బు 24 వోల్టులపై మాడిపోతుంది.

తీగ మందము ముఖ్యము. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండింటికి 12 వోల్టుల వద్ద 3.5 ఆంపియర్లు కావలెను. 8 మీటర్ల పొడవు గల 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఈ విద్యుత్తుకు దాదాపు 1 వోల్టు నష్టమగును. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం మూడవ వంతు మాత్రమే. అన్ని దీపాల విద్యుత్తూ ఎర్తు ద్వారానే తిరిగి వస్తుంది గనుక ఆ తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లు ఉండుట మంచిది.

== ఎర్తు లోపం ==

ట్రాక్టరును, తొట్టిని కలిపే ఇనుప కొక్కెమునే ఎర్తుగా వాడుకొనుట సరికాదు. గ్రీజు, తుప్పు, కుదుపుల వలన ఆ సంబంధము తరచు తెగిపోతుంది. అపుడు విద్యుత్తు ఇతర బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకు వేయగానే వెనుక దీపాలు మసకబారుట, ఇండికేటరు వేయగా ఇతర దీపాలు మిణుకుమిణుకుమనుట దీని లక్షణాలు. ప్రత్యేకంగా ఎర్తు తీగ వేయుటే దీనికి పరిష్కారం.

== నిర్వహణ ==

సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి వలన ఇత్తడి పిన్నులకు త్వరగా చిలుము పడుతుంది. సాకెట్టుకు స్ప్రింగు మూత ఉండవలెను. తొట్టిని విప్పినపుడు ప్లగ్గును నేలపై వదలక, మూతి క్రిందికి ఉండునట్లు వ్రేలాడదీయవలెను. కేబులు మలుపులలో తెగనంత వదులుగానూ, నేలకు రాసుకోనంత బిగువుగానూ ఉండవలెను. బయలుదేరే ముందు ఒకరు ట్రాక్టరుపై ఉండి వెనుక దీపాలు, రెండు ఇండికేటర్లు, బ్రేకు దీపాలను వరుసగా వేయగా, మరొకరు తొట్టి వెనుక నిలబడి చూచుట తగిన పరీక్ష.

== ఇవి కూడా చూడండి ==

* ట్రాక్టరు
* బ్యాటరీ
* ఓమ్ నియమము