లెంట్ 40 రోజులు: నీనెవె జనం విన్న ఆ హెచ్చరిక ఏంటి? యోనా కథను ఈ కాలంలో ఎందుకు చదువుతారు?

భస్మ బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద ఎక్కడిదో తెలుసా? కిందటేడు మట్టల ఆదివారం రోజు చేతపట్టుకున్న మట్టలనే కాల్చి ఆ బూడిద తయారు చేస్తారు. మట్టి నుంచి వచ్చిన మనిషి మళ్లీ మట్టిలోకే పోతాడని, లేదంటే మనసు మార్చుకుని సువార్తను నమ్మాలని చెబుతూ ఫాదర్ దాన్ని నుదుట పెడతారు. అంటే లెంట్ మొదలయ్యేదే ఒక హెచ్చరికతో.

తెలుగు క్యాథలిక్కులు దీన్ని తపస్సు కాలం అంటారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో శ్రమకాలం, శ్రమ దినాలు అనే మాటలు ఎక్కువ. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. ఈస్టర్ ముందు రోజు వరకు లెక్కేస్తే 46 రోజులు వస్తాయి కదా, మరి 40 అంటారేంటి? మధ్యలోని 6 ఆదివారాలను ఉపవాసం లెక్కలో వేయరు. ఆదివారం యేసు పునరుత్థానాన్ని తలుచుకునే రోజు మరి.

ఈ 40కి మూలం యేసు అరణ్యంలో ఉపవాసం ఉన్న 40 రోజులు. ఇది చాలామందికి తెలిసిందే. బైబిల్‌లో ఇంకో 40 కూడా ఉంది. అది యోనా గ్రంథంలోది. క్యాథలిక్ చర్చిల్లో లెంట్ మొదటి వారం బుధవారం పూజలో చదివేది ఈ భాగమే.

పారిపోయిన ప్రవక్త

యోనా అనగానే పెద్ద చేప కడుపు గుర్తొస్తుంది. అసలు కథ ఆ తర్వాతే ఉంది. నీనెవెకి వెళ్లి హెచ్చరించమని దేవుడు చెబితే, యోనా యొప్పేలో ఓడెక్కి తర్షీషు వైపు పారిపోయాడు. నీనెవె అస్సిరియా సామ్రాజ్యంలోని మహానగరం. ఇశ్రాయేలీయులకు అస్సిరియా అంటే శత్రుదేశం. వాళ్లు బాగుపడితే చూడాలని యోనాకు లేదు. చివరికి వెళ్లక తప్పలేదు. వెళ్లి ఏం చెప్పాడు? హీబ్రూలో సరిగ్గా 5 మాటలు. 40 రోజుల్లో ఈ పట్టణం నాశనమవుతుందని. మారితే బతుకుతారని ఒక్క ముక్క కూడా కలపలేదు. ప్రాచీన గ్రీకు అనువాదంలోనైతే ఆ గడువు 3 రోజులే!

విచిత్రం ఏంటంటే, ప్రవక్త కంటే జనమే త్వరగా అర్థం చేసుకున్నారు. నాశనమే చేయాలనుకుంటే గడువు ఎందుకిస్తారు? రాజు సింహాసనం దిగి గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. మనుషులే కాదు, పశువులు కూడా మేత ముట్టకూడదని, నీళ్లు తాగకూడదని ఆజ్ఞ వేశాడు. అక్కడితో ఆగలేదు. ప్రతి ఒక్కరూ తమ చేతులతో చేస్తున్న దౌర్జన్యం మానేయాలన్నాడు.

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. దేవుడు చూసింది వాళ్ల గోనెపట్టల్ని, ఉపవాసాన్ని అని అక్కడ రాయలేదు. వాళ్లు చెడు నడత మానడం చూశాడని ఉంది. యూదుల మిష్నా గ్రంథం ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. ఉపవాస దినాల్లో పెద్దలు జనానికి ఇదే గుర్తు చేసేవారని అందులో ఉంటుంది. ఇప్పటికీ యూదులు తమ ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం యోనా గ్రంథం చదువుతారు.

మాంసం మానేస్తే సరిపోతుందా?

క్యాథలిక్ నియమం ప్రకారం భస్మ బుధవారం, శుభ శుక్రవారం రోజుల్లో 18 నుంచి 59 ఏళ్లలోపు వారు ఒక్కపూటే కడుపు నిండా తింటారు. మన దగ్గర చాలా ఇళ్లలో 40 రోజులూ నాన్‌వెజ్ బంద్. శుక్రవారాల్లో సిలువ మార్గం, సాయంత్రాలు ఇళ్లలో ప్రార్థన కూడికలు. ఇవన్నీ కళ్లకు కనిపించేవి. అయితే భస్మ బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం చదివే యెషయా 58వ అధ్యాయం కాస్త గట్టిగానే అడుగుతుంది. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడిస్తే అదేం ఉపవాసం అని. ఆకలిగా ఉన్నవాడితో అన్నం పంచుకోవడం, కట్లు విప్పడం ఆ లిస్టులో ఉన్నాయి. చికెన్ మానడం సులువే, ఇది మాత్రం కష్టం.

కేరళలోని సిరియన్ క్రైస్తవులు నీనెవె పేరుతో విడిగా 3 రోజుల నోము పాటిస్తారు. ఇది లెంట్‌కి ముందే వస్తుంది. కురవిలంగాడ్ చర్చిలో ఆ రోజుల్లో ఓడ నమూనాను మోస్తూ ఊరేగింపు తీస్తారు.

నీనెవె శిథిలాలు ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ దగ్గరున్నాయి. క్రీ.పూ. 612లో ఆ నగరం నిజంగానే కూలిపోయింది. యోనా సమాధిగా ముస్లింలు, క్రైస్తవులు గౌరవించిన కట్టడాన్ని 2014 జూలైలో ఐసిస్ పేల్చేసింది.

యోనా గ్రంథం మొత్తం 4 అధ్యాయాలు, 48 వచనాలు. ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే చదవడానికి పది నిమిషాలు చాలు. నగరం బతికిపోయినందుకు యోనా అలిగి కూర్చునే సీన్ నాలుగో అధ్యాయంలో ఉంది.